తాడు కట్టిన రాయి

సౌదీలో ఖమీస్ ముషైత్ దాటి కొండవాలు ఎక్కితే, మహబూబ్ సుభాని డ్రైవరుగా పనిచేసే ప్రహరీ లోపల రెండు ఇళ్లుంటాయి. ముందున్నది ఆ చుట్టుపక్కల అందరికీ ఉండేలాంటి సిమెంటు విల్లానే. వెనకున్నది మాత్రం జపాన్‌లో విప్పి, దూలం దూలానికీ గుర్తు పెట్టి, ఓడలో జిజాన్ రేవుకు తెచ్చి, లారీల్లో ఘాట్ రోడ్డు ఎక్కించి మళ్లీ నిలబెట్టిన పాత కొయ్య ఇల్లు. మనకు ముచ్చట పుడితే ఒక జత చెప్పులు కొనుక్కుని ఊరుకుంటాం. ఆ ఇంటాయనకు ముచ్చట పుడితే సముద్రాలు దాటి ఇల్లే నడిచొచ్చింది.

ఆయన్ని పనివాళ్లంతా బాబా అంటారు, అక్కడి వాడుక అది. కుర్రతనంలో చదువుకోవడానికి జపాన్ వెళ్లి ఆ ఇంట్లోనే ఉన్నాడు. ఆ ఇంటావిడ ఆయనకు తన పిల్లలతో పాటు వండి పెట్టింది. ఆవిడ పోయాక పిల్లలు ఇల్లు పడగొట్టి స్థలం అమ్ముకుంటామంటే, స్థలం మీరుంచుకోండి, ఇల్లు నాకివ్వండి అని తెచ్చేసుకున్నాడు. తోటను పెట్టెలో పెట్టి తేలేరు కాబట్టి తోటమాలిని పిలిపించాడు. మొరిషితా అనే ఆ ముసలాయన ఏటా చలికాలం వచ్చి, కొలను తవ్వించి, రాతి దీపం నిలబెట్టి, గులకరాళ్లు పోసి నీళ్లు లేని ఏరు ఒకటి పారించాడు. నడవడానికి అడుగుకొక పలకరాయి వేశాడు. తోట చివర కొండ అంచు, అంచుకు ఒక రాతి గోడ, గోడ కింద నిలువు లోతులో వాగు. వానొస్తే ఆ వాగు గేదెల మందలా బొబ్బరించేది, మిగతా రోజులంతా ఎండి పడుండేది.

ఈ వ్యవహారం ఒక్క మనిషికి అసలు గిట్టలేదు. ఆవిడ బాబా తల్లి. పనివాళ్ల నోట ఆవిడ పెద్ద మామా. తన ఊరు రాయచోటిలో మామ అంటే మీసాలుండాలి కదా అని సుభాని వచ్చిన కొత్తలో నవ్వుకునేవాడు గానీ, ఆవిడ కోపం రుచి చూశాక ఆ నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది. కన్నతల్లి బతికుండగానే ఇంకో తల్లి ఇంటిని మోసుకొచ్చి పెరట్లో పెట్టుకున్నాడు కొడుకు. ఆవిడకు కడుపు మండదా మరి? ఆ ఇంట్లో జిన్నులున్నాయని వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేది. చెప్పినందుకు తగ్గట్టు ఆ ఇల్లు కూడా ఊరికే ఉండేది కాదు. తడి దేశంలో పెరిగిన కొయ్య, ఇక్కడి పొడిగాలికి ఎండిపోయి, మిట్టమధ్యాహ్నం స్తంభాలు ఠప్పుమని బీటలు వారేవి. కాగితం తలుపులు ఎవరో లోపలినుంచి గోళ్లతో గీస్తున్నట్టు శబ్దం చేసేవి. చాపలు ఊడ్చడానికి వెళ్లినప్పుడు సుభాని కూడా, అదంతా కొయ్య సంగతేనని తెలిసీ, గొంతెత్తి ఏదో ఒకటి పాడుకుంటూ ఊడ్చేవాడు. ధైర్యం చెప్పుకోవడంలో సిగ్గేముంది.

సుభాని భార్య హాజిరా కూడా ఆ ఇంట్లోనే పని. పెద్ద మామాకు వంట, కాళ్లు పట్టడం, చెయ్యి పట్టుకుని నడిపించడం ఆమె వంతు. మొగుడూ పెళ్లాం ఒకే గడపలో ఉండగలగడం ఆ దేశంలో ఎంత అదృష్టమో అక్కడ ఉన్నవాళ్లకే తెలుసు. ఇద్దరూ సొంత మనుషుల మధ్య ఉర్దూలోనే మాట్లాడుకుంటారు గానీ, గేటు దగ్గరి వాచ్‌మన్ పాకిస్తానీ, పెద్ద మామాకు కూడా పనివాళ్ల పుణ్యమా అని ఉర్దూ ముక్కలు బాగానే వచ్చు. అందుకని చాటుమాటలన్నీ తెలుగులో సాగేవి. ఆ ప్రహరీలో తెలుగు అర్థమయ్యే మూడో మనిషి తోటపని చేసే నిర్మల్ జిల్లావాడు భోజన్న ఒక్కడే.

హాజిరా సౌదీకి వచ్చిన రోజున, ఎయిర్‌పోర్టు నుంచి కారులో వస్తూనే సుభాని చేసిన మొదటి పని ఆమె మెడలో తాయెత్తు తీయించి కిటికీలోంచి విసిరేయడం. హాజిరా ఊరొచ్చేదాకా ఏడ్చింది. ఇక్కడ దర్గాలు లేవని, దారాలు, తాయెత్తులు కంటబడితే చేతబడి అంటారని, దానికి పడే శిక్ష నుంచి వెనక్కి తిరిగి రావడం ఉండదని ఆయన అప్పుడే విడమరిచి చెప్పాడు. ఖమీస్‌లోనే ఒక ఇంట్లో పనిమనిషి పెట్టెలో ముడి వేసిన దారం, వెంట్రుకలు దొరికాయని తీసుకుపోయారు. ఆ పిల్ల ఏమైందో ఆమె దేశం వాళ్లకు కూడా కబురు తెలియలేదు. ఆ కథ చెప్పినప్పుడు హాజిరా తల ఊపింది. విన్నదనే సుభాని అనుకున్నాడు.

ఆ ఏడాది వానలు గట్టిగా పట్టాయి. వానలు తెరిపిచ్చాక మొరిషితా మళ్లీ వచ్చి, తోటంతా తిరిగి, చివరి గోడ దగ్గర చాలాసేపు వంగి చూసి, తిరుగు విమానం ఎక్కే ముందు ఒక పని చేశాడు. కొబ్బరికాయంత గుండ్రాయి ఒకటి ఏరుకుని కడిగి, నల్లటి పీచుతాడుతో అటూ ఇటూ చుట్టి, పైన ముడి వేసి, తోటలో దారి రెండుగా చీలే చోట, గోడవైపు పోయే మొదటి పలకరాయి మీద పెట్టాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. చెబుదామన్నా ఆయన భాష అక్కడ బాబాకు తప్ప ఎవరికొచ్చు? భోజన్న మాత్రం ఆ రోజు నుంచి అటు పైపు లాగడం కూడా మానేశాడు.

"గది బాణామతి, సుభాని భాయ్," అన్నాడు. "మా దిక్కు ఇట్లనే కట్టి తొవ్వల వెడ్తరు. నేనైతే దాని మొఖం గూడ సూడ."

నీ బాణామతి జపాన్ దాకా పాకిందా అని సుభాని వేళాకోళం చేశాడు. కానీ తను కూడా ఆ రాయిని దాటలేదు.

రాయి పెట్టిన కొన్ని వారాలకు పెద్ద మామాకు చేతులు వణకడం మొదలైంది. నిద్ర పోయింది, తిండి తగ్గింది. ఆస్పత్రిలో వయసు అన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. తోటలో తన కోసం ఎవరో ఏదో పెట్టారని, అది తనకు కలలో కనిపిస్తోందని పట్టుబట్టి, ఒక ఉదయం హాజిరా చెయ్యి పట్టుకుని, ఎన్నడూ అడుగు పెట్టని ఆ తోటలోకి తానే వెతకడానికి బయలుదేరింది. దారి చీలిన చోటుకు రాగానే నల్లతాడు ముడి కంటపడింది. ముడి వేసి ఊదితే చేతబడి అని అక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. ఆవిడ ఖురాన్ సూరాలు చదువుతూ ఒక్కొక్క అడుగే వెనక్కి వేసి, విల్లాలోకి వచ్చి పడింది. మసీదులో చదివే షేక్‌ను సాయంత్రం అసర్ నమాజు అయ్యాక రమ్మని కబురు పెట్టించింది. ఆయన వచ్చి చదువుతూ ఒక్కొక్క ముడీ విప్పాలి, అప్పుడు గానీ కట్టు తెగదు. అప్పటిదాకా ఎవరూ దాన్ని ముట్టుకోకూడదని ఆజ్ఞ.

మంచిదేగా, షేక్ వచ్చి ఒక జపాన్ ముడి విప్పుకుని పోతాడు అని సుభాని తేలిగ్గా తీసుకున్నాడు. కారు తుడుస్తున్నవాడిని హాజిరా వంటింట్లోకి పిలిచింది. ఆమె ముఖం చూడగానే ఆయన చేతిలో గుడ్డ జారిపోయింది.

"ఆ రాయికి నేనొక దారం కట్టినా," అంది.

సుభానికి వెంటనే బుర్రకెక్కలేదు. ఏం దారం అని అడిగాడు.

"పచ్చ దారం. అనమ్ కోసరం కట్టినా. ఆ జపాను తాత చేతులు కడుక్కోని, మోకాళ్ల మీద కూచ్చోని ఆ తాడు కట్టేది కిటికీలోంచి చూసినా. కట్టినాక దానికి తల వంచినాడు. వాళ్లు గూడా మొక్కుకోని కడతారేమో అనుకున్యా. నేనింగ యాడ కట్టేది చెప్పు? ఈ దేశంలో ఒక్క దర్గా ఉండాదా?"

అనమ్ వాళ్ల ఒక్కగానొక్క కూతురు. రాయచోటిలో ఉంది. కడుపులో పిల్ల నిలవక ఇప్పటికే నానా యాతన పడింది, మళ్లీ నెలలు నిండుతున్నాయి. కన్నతల్లి ఇక్కడ పరాయి ముసలామెకు కాళ్లు పడుతోంది. అదంతా సుభానికి తెలుసు. తెలిసినా ఒళ్లు మండిపోయింది.

"ఊదినావా?" అన్నాడు.

"దువా చదివి ఊదకుండా ఎట్ల కడతారు?"

ఆయన గోడకు చేరగిలబడ్డాడు. ఒక్క లెంపకాయ ఇవ్వాలనిపించింది, ఆ వెంటనే ఆమెను దగ్గరికి తీసుకుని ఏడవాలనిపించింది. రెండూ చేయలేదు. జపాన్ ముడికి బాబా జవాబుదారీ. ఆ ముడి సందులో దూరిన పచ్చదారానికి ఎవరు జవాబు చెబుతారు? పనివాళ్లలో ఆడమనిషి హాజిరా ఒక్కతే. ముసలామె చేతులు వణుకుతున్నాయి. షేక్ వేళ్లు ఆ దారానికి తగిలిన క్షణం నుంచి హాజిరా తనది కాదు, అనమ్ తల్లి కాదు, ఆ పెట్టెలో వెంట్రుకలు దొరికిన పిల్లలాగే ఎక్కడో ఒక గదిలో కూర్చునే మనిషి. 

బాబాకు ఫోన్ చేశాడు. జిజాన్‌లో ఏదో మీటింగులో ఉన్నాడు, ఎత్తలేదు. మళ్లీ చేశాడు, మళ్లీ ఎత్తలేదు. ఇక లాభం లేదని, పెద్ద మామా కునుకు తీసే వేళ చూసి, వంటింటి కత్తి కమీజు చాటున పెట్టుకుని తోటలోకి నడిచాడు. కొయ్య ఇంటి అరుగు పక్కనుంచి పోతుంటే లోపల ఎక్కడో ఒక స్తంభం ఠప్పుమంది. ఆయన గుండె కూడా అదే చప్పుడు చేసింది.

దారం ఒక్కటి లాగేస్తే చాలనుకున్నాడు. కానీ వానకు తడిసి ఎండి, పీచు తాడు బిగుసుకుపోయి దారాన్ని పట్టేసుకుంది. కత్తి మొనతో గీరితే పైపైన నాలుగు పోగులు వచ్చాయి గానీ లోపల పచ్చరంగు అలాగే కనిపిస్తోంది. చెమటకు కళ్లు మండుతున్నాయి. అంతలో గేటు దగ్గర ఏదో కారు హారను కొట్టింది. పాలు తెచ్చే బండో, షేక్ బండో ఎవరికి తెలుసు? సుభాని ఇక ఆలోచించలేదు. రాయిని తాడుతో సహా ఎత్తి కడుపుకు ఆనించుకుని, పొదల చాటుకు పోయి, తాడు పటపటా కోసి, బోసిరాయిని నీళ్లు లేని ఏట్లో రాళ్ల మధ్యకు దొర్లించాడు. తాడు, దారం వంటింటి పొయ్యిలో వేశాడు. చివరి పోగు కాలేదాకా హాజిరా పొయ్యి ముందునుంచి కదల్లేదు.

ఇద్దరికీ కొంచెం ఊపిరి వచ్చింది. రాయి లేకపోతే ముడి లేదు, ముడి లేకపోతే నేరం లేదు. ముసలామెకు ఏదో కనిపించిందట అనుకుంటారు, అంతేగా. సుభాని ఆ లెక్కే వేసుకున్నాడు, హాజిరాకు కూడా అదే చెప్పాడు. ఆ పూట ఆమె మొగుడి వైపు చూసిన చూపులో ఉన్నంత నమ్మకం పెళ్లైన కొత్తలో కూడా ఆయన చూడలేదు. అది చూసి ఆయనకు సంతోషం కలగలేదు, భయం వేసింది.

అసర్ అయ్యాక షేక్ వచ్చాడు. గడ్డం నెరిసిన నెమ్మదైన మనిషి, కోపతాపాలు లేనివాడు. ఖర్జూరం తిని, కాఫీ తాగి, పదండి తల్లీ చూద్దాం అన్నాడు. పెద్ద మామా హాజిరా చేతిని ఊతగా పట్టుకుని ముందు నడిచింది. ఆమె వెనక షేక్, కాస్త దూరంగా సుభాని. భోజన్న కొలను దగ్గరే ఆగిపోయాడు, రమ్మన్నా రాలేదు.

దారి చీలిన చోట పలకరాయి ఖాళీగా ఉంది.

పెద్ద మామా నిలబడిపోయింది. ఇక్కడే ఉంది, ఈ కళ్లతో చూశాను అంది. షేక్ చుట్టూ చూసి, మీ ఆరోగ్యం బాగోలేదు, ఒక్కోసారి అలా అనిపిస్తుంది అని ఓదార్పుగా ఏదో చెప్పబోయాడు. ఆ ఓదార్పే కొంప ముంచింది. ఆవిడకు పౌరుషం వచ్చింది. నాకు మతి పోయిందనుకుంటున్నావా, అది జిన్ను కట్టిన రాయి, ముందుకు జరిగి ఉంటుంది, నేనే చూపిస్తాను రమ్మని, ఖాళీ పలకరాయి మీద కాలు పెట్టి, గోడవైపు దారి పట్టింది. చెయ్యి పట్టుకున్న హాజిరాకు పక్కనే నడవక తప్పలేదు. షేక్ తలపాగా సర్దుకుని రెండడుగులు వెనకగా అనుసరించాడు.

అప్పుడే సుభాని ఫోను మోగింది. బాబా. ఏమిటి అన్నిసార్లు చేశావు, అమ్మకు ఎలా ఉంది అని అడిగాడు. సుభాని పక్కకు తిరిగి, గొంతు తగ్గించి, ఏం లేదు బాబా, ఆ జపాన్ ముసలాయన కట్టిన రాయి చూసి పెద్ద మామా భయపడుతున్నారు అన్నాడు.

బాబా నవ్వాడు. "ఆ రాయిలో ఏముంది! దారి మూసి ఉంది, ఇటు రావద్దు అని చెప్పడానికి వాళ్లు అలా కట్టి పెడతారు. ఆ ఇంట్లో ఉన్నప్పుడు నేను రోజూ చూసేవాణ్ణి. గోడ కింద మట్టి వానకు కొట్టుకుపోయిందట, పైన నేల ఉత్త పెంకులా ఉందని మొరిషితా చెప్పాడు. మనుషుల్ని తీసుకొచ్చి కడతానన్నాడు. నీకు చెబుదామనుకుని మరిచిపోయాను. అటు ఎవరినీ పోనివ్వకు."

సుభాని తల తిప్పాడు. పెద్ద మామా తొడుక్కున్న నల్ల అబాయా, పక్కన హాజిరా గోధుమరంగు దుపట్టా, అంచు గోడకు చాలా దగ్గరలో ఉన్నాయి. గొంతు దానంతటదే లేచింది. ఉర్దూ రాలేదు, పొద్దస్తమానం మాట్లాడే అరబ్బీ రాలేదు, వచ్చింది తెలుగే. ప్రాణం పోతున్నప్పుడు నోటికి ఏది వస్తే అదే వస్తుంది.

"హాజిరా! నిలబడు! కదలొద్దు!"

హాజిరా ఆగిపోయింది. మొగుడి గొంతులో అంత భయం ఆమె ఎన్నడూ వినలేదు. ఆగిన విసురుకు వెనక్కి ఒరిగింది, చెయ్యి వదిలిపోయింది. పెద్ద మామాకు ఆ అరుపులో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఊతం పోయి తూలి, నిలదొక్కుకోవడానికి ఒక అడుగు ముందుకు వేసింది. ఆ అడుగు కింద నేల ఎండు రొట్టెలా విరిగింది. పలకరాయి, గోడలో ఒక ముక్క, నల్ల అబాయా ఒకేసారి కనిపించకుండా పోయాయి. కింద వాగులో రాళ్లు దొర్లిన చప్పుడు వచ్చి, ఆగిపోయింది.

సుభాని పరుగెత్తాడు. హాజిరాను రెక్క పట్టి వెనక్కి లాగి, నేల మీద పడుకుని అంచునుంచి తొంగి చూశాడు. ఎండిన వాగులో ఆవిడ పడి ఉన్న తీరు చూస్తే పిలవాల్సిన అవసరం కనిపించలేదు. అయినా మామా, మామా అని పిలిచాడు.  మనిషిని తిట్టుకున్నాడు, భయపడ్డాడు, కానీ ఇన్నేళ్లుగా ఆవిడ ఉప్పు తిన్నాడు. 

లేచేసరికి షేక్ ఆయన్నే చూస్తున్నాడు. ఆ నెమ్మదైన ముఖంలో రక్తం లేదు. ఆయన కళ్లకు కనిపించింది ఒకటే. రాయి మాయమైంది. ఈ మనిషి ఎవరికీ తెలియని భాషలో ఏదో అరిచాడు. అరవగానే ఆడమనిషి చెయ్యి వదిలేసింది, నేల నోరు తెరిచింది.

"ఏం పలికావు నువ్వు?" అన్నాడు అరబ్బీలో.

ఆగమన్నాను అన్నాడు సుభాని. ఆగమంటే చెయ్యి ఎందుకు వదిలింది అన్నాడు షేక్.  ఫోను ఇంకా సుభాని చేతిలోనే ఉంది. అందులోంచి బాబా కేకలు వినిపిస్తున్నాయి. ఏమైంది, ఎవరు అరిచారు, అమ్మ ఎక్కడ, ఆ రాయి అక్కడే ఉందా లేదా అని.

ఉందని చెబితే అబద్ధం, ఎదురుగా ఖాళీ పలకరాయి ఉంది. లేదంటే ఎవరు తీశారంటారు. నేనే అంటే ఎందుకంటారు. దారి కోసం వెతికాడు సుభాని. ఎటు తిప్పి ఎటు చెప్పినా ఆ మాట చివరికి పోయి నిలిచేది వంటింట్లో పొయ్యి ముందు, హాజిరా దగ్గర. ఆమె నేల మీద కూలబడి తన ఖాళీ చేతిని చూసుకుంటోంది. పెదాలు కదులుతున్నాయి. ఇంకాసేపట్లో తనంతట తానే చెప్పేస్తుందని ఆయనకు తెలిసిపోయింది. అబద్ధం ఆడటం ఆ మనిషికి ఏనాడూ చేతకాలేదు.

ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు. షేక్‌కు వినబడేంత గట్టిగా, అరబ్బీలో, తడబడకుండా చెప్పాడు.

"రాయి లేదు బాబా. నేనే తీశాను. దానికి దారం కట్టి ముడి వేసింది నేను. ఎవరూ చూడకూడదని తీశాను."

 హాజిరా చివ్వున తల ఎత్తింది. ఆ మాత్రం అరబ్బీ ఆమెకూ అర్థమైంది. కాదు అనడానికి నోరు తెరవబోయింది.

"అనమ్‌కు తల్లి కావాల," అన్నాడు సుభాని తెలుగులో, మెల్లగా. "నోరు తెరిస్తే నా మీద ఒట్టు."

ఈసారి ఆయన ఏం పలికాడని షేక్ అడగలేదు. హాజిరాను దూరంగా జరగమని చేత్తో సైగ చేసి, జేబులోంచి ఫోను తీసి పోలీసులకు కలిపాడు.